కొరియన్ సామెతలనూ జాతీయాలనూ అర్థం చేసుకుని సరిగ్గా వాడే పద్ధతి

కొరియన్ నేర్చుకునే తెలుగువారు రెండో ఏడాదికి వచ్చేసరికి సాధారణంగా ఒకే సమస్య చెబుతారు. వాక్యంలోని ప్రతి మాటకూ అర్థం తెలుసు, వ్యాకరణమూ తెలుసు, అయినా ఎదుటి మనిషి ఏమన్నాడో అంతుపట్టదు. అలాంటి చోట ఉన్నది చాలాసార్లు సామెతో జాతీయమో అయి ఉంటుంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చాక కొరియన్ అధికారులతో రోజూ మాట్లాడవలసిన వారికీ, టోపిక్ (కొరియన్ భాషా సామర్థ్య) పరీక్షకు చదివేవారికీ, ఉపశీర్షికలు లేకుండా ధారావాహికలు చూడాలనుకునేవారికీ ఈ చిక్కు ఒకేలా ఎదురవుతుంది.

ఇందులో మనకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. కొరియన్ వాక్యక్రమం తెలుగు వాక్యక్రమానికి చాలా దగ్గరగా ఉంటుంది కనుక సామెత అక్షరార్థం మనకు ఇట్టే దొరుకుతుంది, దొరికిన చోటనే మనం ఆగిపోతాం. కింది దశలన్నీ ఆ ఆగిపోవడాన్ని దాటించడానికి రాసినవే. వరుస మార్చకుండా పాటించండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

హంగుల్ లిపి తడబడకుండా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ఇది రాకుండా సామెతల జోలికి వెళ్తే నిఘంటువులో వెతకడమే కుదరదు. ఇక్కడ నేను కొరియన్ మాటలను తెలుగు లిపిలో ఇస్తున్నాను గాని అది ఉచ్చారణకు దగ్గరి రూపం మాత్రమే, అక్షరక్రమం కాదు. ఉదాహరణకు, వెయ్యి "రి"ల (రి అంటే కొరియన్ దూరపు కొలత) దూరాన్ని హంగుల్‌లో "ఛొన్ రి" అని రాస్తారు, పలికేటప్పుడు మాత్రం "ఛొల్లి" అంటారు.

తెలుగులో లేని రెండు అచ్చుల కోసం ఒక ఏర్పాటు చేసుకున్నాను. పెదవులు గుండ్రంగా పెట్టి పలికే వాటికి "ఓ", "ఊ" రాశాను, పెదవులు సాగదీసి, గుండ్రం చేయకుండా పలికే వాటికి "ఒ", "ఉ" రాశాను. ఇక ఒత్తక్షరాల విషయంలో మనం అదృష్టవంతులం, ఖ, ఛ, థ, ఫ అని పలకడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నిఘంటువులు రెండు చాలు. దక్షిణ కొరియా జాతీయ భాషా సంస్థ వారి ప్రామాణిక నిఘంటువు (ఫ్యోజున్ కూగొ తేసాజొన్) ఒకటి, అదే సంస్థ విదేశీ అభ్యాసకుల కోసం తయారుచేసిన ప్రాథమిక నిఘంటువు (హాంగూగొ కిఛో సాజొన్) రెండోది. రెండూ అంతర్జాలంలో ఉచితం. రెండోదానిలో పలు భాషల అనువాదాలు ఉన్నా తెలుగు లేదు, కాబట్టి తెలుగు అర్థం మనమే రాసుకోవాలి. నిజానికి మొదటి నుంచీ అలా రాసుకోవడమే మేలు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

□ హంగుల్‌లో చూసిన మాటను ఆగకుండా చదవగలను.
□ నామవాచకాల తర్వాత వచ్చే ప్రత్యయాలు, క్రియకు చేరే "-నున్", "-మ్యొన్", "-గో" వంటి రూపాలు గుర్తుపట్టగలను.
□ ఒక నోటు పుస్తకం గాని, అట్టముక్కల కట్ట గాని ఉంది.
□ వారానికి అయిదు మాటలకు మించి పెట్టుకోను.

చివరిది చాలామంది నవ్వి కొట్టిపారేస్తారు. ఒక్క రాత్రిలో వంద సామెతల జాబితా బట్టీ పట్టినవారిలో పదో రోజున ఒక్కదాన్నయినా సందర్భానికి తగినట్టు వాడినవారిని నేను చూడలేదు.

2. అది ఏ రకం మాటో తేల్చుకోండి

కొరియన్లు వీటిని మూడు గంపలుగా చూస్తారు.

మొదటిది సోక్తామ్, అంటే సామెత. ఇది పూర్తి వాక్యంగా నిలబడుతుంది, ఒక నీతినో అనుభవాన్నో చెబుతుంది.

రెండోది క్వాన్యోంగూ, అంటే జాతీయం. ఇది రెండు మూడు మాటల జట్టు, వాక్యంలో క్రియలా పనిచేస్తుంది. "పాదం వెడల్పు" (పారి నొల్తా) అంటే పరిచయాలు ఎక్కువ అని.

మూడోది సాజాసొంగొ, అంటే చీనా అక్షరాలు నాలుగింటితో కట్టిన మాట. మన సంస్కృత న్యాయాల వంటిది. రాతలో, వార్తల్లో, పెద్దల ప్రసంగాల్లో ఎక్కువగా వినిపిస్తుంది.

ఈ విభజన వాడకాన్ని నిర్ణయిస్తుంది. జాతీయాన్ని కాలానికీ మర్యాదకూ తగ్గట్టు మార్చి వాడాలి, సామెతను చెక్కుచెదరకుండా ఉటంకించాలి, నాలుగక్షరాల మాటను నామవాచకంలా పట్టుకోవాలి. పైకి నాలుగక్షరాల మాటలా కనబడి మోసం చేసేవీ ఉన్నాయి. నేరోనామ్‌బూల్ అన్నది అలాంటిదే. "నేను చేస్తే రొమాన్స్, ఇతరులు చేస్తే అక్రమ సంబంధం" అనే వాక్యంలోని ముక్కలు తీసి అతికించిన ఆధునిక రాజకీయ వ్యంగ్యం అది, చీనా పురాణగాథ ఏదీ దాని వెనుక లేదు. మన దగ్గర "మనం చేస్తే సంసారం, పక్కవాడు చేస్తే వ్యభిచారం" అనడం ఎంత సూటిగా సరిపోతుందో చూడండి.

3. అక్షరార్థాన్ని తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాయండి

"కానున్ మారి కోవాయా ఓనున్ మారి కోప్తా" అనే సామెతను తీసుకోండి. కానున్ అంటే పోయే, మారి అంటే మాట, కోవాయా అంటే బాగుంటేనే, ఓనున్ అంటే వచ్చే, కోప్తా అంటే బాగుంటుంది. వరుస ఏమాత్రం మార్చకుండా "పోయే మాట బాగుంటేనే వచ్చే మాట బాగుంటుంది" అని చక్కని తెలుగు వాక్యం తయారైంది. "పోయే", "వచ్చే" అనే క్రియాజన్య విశేషణాలు సైతం అదే చోట కూర్చున్నాయి. ఇంగ్లిషు మీదుగా నేర్చుకునేవారు ఈ వాక్యాన్ని తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టుకోవాలి, మనకు ఆ శ్రమ లేదు.

అందుకే ఈ దశలో ఇంగ్లిషు అర్థాల జాబితాలు దగ్గర పెట్టుకోవద్దు. కొరియన్ నుంచి ఇంగ్లిషుకు, అక్కడి నుంచి తెలుగుకు వచ్చేసరికి సామెతలోని పశువు, పనిముట్టు, వంటకం మాయమై ఒక పొడి నీతి మిగులుతుంది.

4. ఒకే ధ్వనికి ఎన్ని అర్థాలున్నాయో చూడండి

అక్షరార్థం రాశాక ప్రతి నామవాచకాన్నీ నిఘంటువులో మళ్లీ వెతకండి. తెలిసిన మాటే కదా అని వదిలేస్తే ఇక్కడే బోల్తా పడతారు.

"పే" అనే ఒక్క మాట మూడు సామెతల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది:

- "సాగోంగి మానుమ్యొన్ పేగా సానురో కాందా" అన్నప్పుడు అది పడవ.
- "క్కామాగ్వి నాల్జా పే త్తొరొజిందా" అన్నప్పుడు అది బేరిపండు.
- "సాఛోని త్తాంగుల్ సామ్యొన్ పేగా ఆఫుదా" అన్నప్పుడు అది కడుపు.

మూడోదాని అర్థం "దాయాది పొలం కొంటే కడుపు నొప్పి" అని. మనకు కడుపుమంట, వాళ్లకు కడుపునొప్పి, అసూయ కాపురం మాత్రం ఇద్దరికీ ఒకే చోట.

కొన్ని సామెతల్లో ఈ రెండర్థాలే ప్రాణం. "పాల్ ఒమ్నున్ మారి ఛొల్లి కాందా" అంటే "కాళ్లు లేని మాట వెయ్యి రిల దూరం పోతుంది" అని. "మాల్" అంటే మాట, గుర్రం కూడా. కాళ్లు లేని గుర్రం అనే చమత్కారం కొరియన్ చెవికి వెంటనే తడుతుంది. ఒక రి సుమారు 0.4 కిలోమీటరు, కాబట్టి వెయ్యి రిలంటే దాదాపు 400 కిలోమీటర్లు. కొరియన్లు తమ దేశం పొడవును సాంప్రదాయికంగా మూడు వేల రిలుగా చెప్పుకుంటారు. అంటే కాళ్లులేని ఆ మాట దేశంలో మూడో వంతు తిరిగి వచ్చిందన్నమాట.

5. సామెతలోని వస్తువును కళ్లకు కట్టించుకోండి

పోలిక ఎందుకు పుట్టిందో తెలిస్తే అర్థం మరిచిపోవడం కష్టం. తెలియకపోతే గుర్తుంచుకోవడం కష్టం. ఒక్కో మాటకు అయిదు నిమిషాలు దీనికి కేటాయించండి.

"కిమ్ఛిక్కూక్ పూథొ మాషిందా" అంటే "ముందే కిమ్చి రసం తాగేస్తున్నాడు" అని. త్తొక్ అనేది బియ్యప్పిండితో చేసే వంటకం, గొంతులో అడ్డుపడేంత జిగటగా ఉంటుంది, అందుకని పక్కన కిమ్చి నీళ్లు పెట్టుకుని తింటారు. పూర్తి సామెత ఇలా సాగుతుంది: త్తొక్ పెట్టవలసినవాడికి ఆ ఆలోచనే లేదు, వీడు మాత్రం కిమ్చి రసం తాగి సిద్ధంగా ఉన్నాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న మన సామెతకు ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు.

"షిఛిమిరుల్ త్తేదా" అంటే షిఛిమిని పీకేయడం. షిఛిమి అనేది వేటడేగకు కట్టే యజమాని గుర్తుబిళ్ల. ఎవరి డేగో చేతికి చిక్కితే ఆ బిళ్ల పీకేసి "ఇది నాదే" అనేవారట. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు నటించడాన్ని అలా అంటారు. కొరియన్లలోనే చాలామందికి డేగ సంగతి గుర్తులేదు, మాట మాత్రం రోజూ వాడతారు.

"కానున్ నారి చాంగ్నాల్" అంటే "వెళ్లిన రోజే సంత రోజు" అని. పల్లెటూరి సంత గుర్తున్న మనకు ఇది శుభవార్తలా వినిపిస్తుంది. కానీ ఇప్పటి వాడుకలో ఇది ఎక్కువగా విసుగుతో అనే మాట. దూరం నుంచి పేరున్న హోటలుకు వెళ్తే ఆ రోజే సెలవు బోర్డు కనిపిస్తుంది, అప్పుడు అంటారు. అక్కడ సంతలు అయిదు రోజులకొకసారి జరుగుతాయి. సొంగ్నామ్ నగరంలోని మోరాన్ సంత నేటికీ 4, 9 అంకెలతో ముగిసే తేదీల్లో కూడుతుంది. అనుకోని రోజున అనుకోనిది తగలడమే ఈ సామెతకు మూలం, మంచిదైనా చెడ్డదైనా.

6. సందర్భం అట్ట రాయండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. అర్థం రాసుకున్న అట్ట దేనికీ పనికిరాదు, సందర్భం రాసుకున్న అట్టే నాలుక మీదికి వస్తుంది. ప్రతి మాటకూ ఈ ఆరు గడులు నింపండి:

□ హంగుల్‌లో మాట
□ అక్షరార్థం
□ ఎవరు, ఎవరితో అంటారు
□ అనడానికి ఒక్క క్షణం ముందు ఏం జరిగి ఉండాలి
□ దగ్గరి తెలుగు మాట
□ ఆ తెలుగు మాటకూ దీనికీ తేడా

ఒకటి నింపి చూపిస్తాను. "క్కామాగ్వి నాల్జా పే త్తొరొజిందా" అంటే "కాకి ఎగరగానే బేరిపండు రాలింది" అని. దీనికి నాలుగక్షరాల రూపం ఓబిఇరాక్. ఇది వినగానే తెలుగువారికి "కాకతాళీయం" తడుతుంది. కాకి వాలడం, తాటిపండు పడడం. కాకి అదే, పండొకటే మారింది, ఇక అయిపోయిందనుకుని అట్ట మూసేస్తారు.

ఇప్పుడు నాలుగో గడి నింపడానికి ప్రయత్నించండి. కొరియన్లు ఈ మాటను ఎప్పుడంటారు? మీరు ప్రింటరు దగ్గర నుంచి లేచి వచ్చారు, మరుక్షణం అది ఆగిపోయింది, గదిలో నలుగురూ మీ వైపు చూశారు. అప్పుడు అంటారు. పాపం కాకికి ఏమీ తెలియదు, కానీ పండు రాల్చింది అదేనని చూసినవారు అనుకుంటారు. కాకతాళీయం అన్నప్పుడు మనం చెప్పేది యాదృచ్ఛికతను, ఈ కొరియన్ సామెత చెప్పేది ఆ యాదృచ్ఛికత వల్ల మీద పడే అనుమానాన్ని. రైల్లో పాత స్నేహితుడు కలిస్తే మనం కాకతాళీయంగా కలిశామంటాం, కొరియన్‌లో అక్కడ కాకి మాట ఎత్తితే పొసగదు.

అనుమానం కోసం మన దగ్గర వేరే మాట ఉంది, "తాటిచెట్టు కింద పాలు తాగినట్టు". కనుక అయిదో గడిలో ఆ సామెత రాసుకోండి, ఆరో గడిలో ఈ తేడా రాయండి: తాటిచెట్టు కింద కూర్చోవడం మన ఎంపిక, కాబట్టి మన సామెతలో కొంచెం హెచ్చరిక కూడా ఉంది, కాకికి ఆ ఎంపిక లేదు.

ఒక అట్టకు ఇంత సమయం అవసరమా అనిపిస్తుంది. వారానికి అయిదే అన్నది ఇందుకే.

7. తెలుగు సమానార్థకాన్ని మూడు జల్లెళ్లలో వేయండి

మొదటి జల్లెడ: సూటిగా సరిపోయేవి. వీటి మీద సమయం వృథా చేయకండి.

- "నామె త్తొగి ఖొ పోఇందా" (పరాయివాడి త్తొక్ పెద్దదిగా కనిపిస్తుంది): పొరుగింటి పుల్లకూర రుచి.
- "సో ఇల్ఖో వెయాంగ్కాన్ కోఛిందా" (పశువు పోయాక కొట్టం బాగుచేయడం): చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.
- "సే సాల్ పొరుత్ యొదున్క్కాజి కాందా" (మూడేళ్ల అలవాటు ఎనభై దాకా పోతుంది): పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.
- "సోగ్వియె క్యొంగ్ ఇల్క్కి" (ఆవు చెవిలో శాస్త్రం చదవడం): చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు.
- "ఆని త్తేన్ కూల్త్తూగె యొంగి నాల్క్కా" (మంట పెట్టని పొగగొట్టంలో పొగ వస్తుందా): నిప్పు లేనిదే పొగ రాదు.

రెండో జల్లెడ: అర్థం సరిపోయి స్వరం మారేవి. "చిప్షిన్దో చ్చాగి ఇత్తా" అంటే గడ్డిచెప్పుకైనా జత ఉంటుందని. పెళ్లి కుదరక దిగులుపడే మనిషిని ఓదార్చడానికి అంటారు. దానికి "గంతకు తగ్గ బొంత" అని రాసుకున్న విద్యార్థుల అట్టలు నేను చూశాను. జతలు కుదరడం రెండింటిలోనూ ఉంది గాని మనది వెక్కిరింపు, వాళ్లది ఓదార్పు. ఈ రెండూ కలిపేస్తే స్నేహం చెడుతుంది.

మూడో జల్లెడ: పైకి కవలల్లా ఉండి లోపల శత్రువులైనవి. "తుంగ్‌జాన్ మిఛి ఒదూప్తా" అంటే దీపపు సెమ్మె కింద చీకటి అని. మనకూ "దీపం కింద చీకటి" ఉంది, కానీ లోకానికి వెలుగు చూపేవాడి సొంతింట్లోనే చీకటి అన్న ఎత్తిపొడుపు అందులో ఉంటుంది. కొరియన్ సామెత అంటున్నది వేరు, కళ్లముందున్నది కనబడలేదని మాత్రమే. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినవారు నవ్వుతూ అనే మాట అది. దానికి మన మాట "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు". ఆశ్చర్యమేమంటే కొరియన్‌లోనూ అచ్చంగా ఇలాంటిదే మరొకటి ఉంది: "ఒబున్ ఆఇ సామ్ న్యొన్ ఛాన్నుందా", వీపున కట్టుకున్న బిడ్డను మూడేళ్లు వెతికాడట.

పడవ సామెత కూడా ఈ జల్లెడలోనే పట్టుబడుతుంది. "సరంగులు ఎక్కువైతే పడవ కొండెక్కుతుంది" అన్నదాన్ని, అందరూ చేయి వేస్తే అసాధ్యమూ సాధ్యమే అని అనువదించిన రాతలు చదివాను. అసలు అర్థం దానికి పూర్తి విరుద్ధం. తలా ఒక దిక్కు చెబితే పడవ చేరవలసిన చోటికి చేరదని. "పదిమంది చేరితే పాము చావదు" అన్నది సరైన జోడీ. "మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" కొంత దూరం వస్తుంది గాని, అది నాణ్యత తగ్గడం గురించిన మాట, దారి తప్పడం గురించినది కాదు.

8. శరీరభాగాల జాతీయాలను విడిగా సాధన చేయండి

తెలుగువారు అతి ఎక్కువగా పొరబడేది ఇక్కడే, ఎందుకంటే మనకూ కన్నూ ముక్కూ చెవీ చేయీ పెట్టి వందల జాతీయాలున్నాయి.

"నూని నోప్తా" అంటే కళ్లు ఎత్తుగా ఉన్నాయని. మనం "కళ్లు నెత్తికెక్కాయి" అనుకుంటాం, కానీ అక్కడ అర్థం పొగరు కాదు, ఎంపిక విషయంలో ఓ పట్టాన నచ్చని స్వభావం. "సోనుల్ ష్షిత్తా" అంటే చేతులు కడుక్కోవడం. మన దగ్గర చేతులు కడుక్కున్నాడంటే బాధ్యత వదిలించుకున్నాడని, వాళ్ల దగ్గర చెడ్డ పని మానేశాడని. జూదం మానిన మనిషిని మెచ్చుకుంటూ అన్న మాటను తిట్టుగా అనువదించే ప్రమాదం ఇందులో ఉంది.

"క్విగా యాల్తా", చెవి పలచన, అంటే ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి అని. "కాని ఖుదా", కాలేయం పెద్దది, అంటే ధైర్యం ఎక్కువని. మనకు ధైర్యం గుండెలో ఉంటుంది, వాళ్లకు కాలేయంలో. అందుకే భయపడితే కాలేయం చిక్కుడుగింజంత అయిపోతుందంటారు. "ఇబి కాబ్యొప్తా", నోరు తేలిక, అన్నదానికి "నోట్లో నువ్వుగింజ నానదు" కన్నా మంచి అనువాదం ఉండదు.

"మొక్తా" (తిను) అనే క్రియ మీద ఒక పుటంతా కేటాయించండి. తిట్లు తినడం వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. వయసును తింటారు, భయాన్ని తింటారు, ఎండనూ తింటారు, అంటే వడదెబ్బ తగులుతుంది. మనమూ దెబ్బ తింటాం కనుక అది వింతగా ఉండదు. కానీ "మాఉముల్ మొక్తా", మనసు తినడం, అంటే గట్టిగా నిశ్చయించుకోవడం. మన "బుర్ర తినడం"తో దానికి బంధుత్వం లేదు.

తిండి మాటల్లో నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. చెన్నై దగ్గర ఒక విడిభాగాల సంస్థలో దుబాసీగా చేరిన కొత్తలో, మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పెద్ద కొరియన్ అధికారి మన కుర్ర ఇంజినీరును చూసి "కూక్సూ ఎప్పుడు పెడతావు?" అని నవ్వుతూ అడిగాడు. కూక్సూ అంటే నూడుల్స్. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అతను అమాయకంగా "రేపు క్యాంటీన్‌లో చెప్పి చేయిస్తానండీ" అన్నాడు, అదీ అనువదించాను. బల్ల చుట్టూ ఉన్న కొరియన్లు పడీపడీ నవ్వారు. పెళ్లి విందులో నూడుల్స్ పెట్టే ఆచారం నుంచి వచ్చిన మాట అది, పెళ్లెప్పుడని అడగడం. "పప్పన్నం ఎప్పుడు పెడతావోయ్?" అని నేను చెప్పి ఉంటే కుర్రవాడు సిగ్గుపడి తలవంచుకునేవాడు, అంతటితో సరిపోయేది. తర్వాత సందర్భం అట్టలు రాయడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

సముద్రపు నాచు సూపు (మియొక్కూక్) మరొక వల. అది తాగాడంటే పరీక్ష తప్పాడని అర్థం, నాచు జారుడు గుణం వల్ల. అయితే అదే సూపును పుట్టినరోజున తప్పక తాగుతారు, బాలింతలకూ పెడతారు. కాబట్టి మాట వినగానే పరీక్షల కాలమా, పుట్టినరోజా అన్నది ముందు చూడాలి.

9. వాక్యంలో అమర్చడం నేర్చుకోండి

సామెత సాధారణంగా "-దా" అనే మర్యాద లేని రూపంతో ముగుస్తుంది. దాన్ని అలాగే పెద్దల ముందు వదలకూడదు, ఏదో ఒక తొడుగులో పెట్టాలి. ముఖ్యమైన తొడుగులు మూడు.

"-దాదొని": మన "అన్నట్టు". సామెత చెప్పి, ఆ వెంటనే జరిగిన సంగతి చెప్పాలి. "కానున్ నారి చాంగ్నారిరాదొని" అని మొదలుపెట్టి "ఈ రోజే మూసి ఉంది" అని ముగించాలి. సంగతి చెప్పకుండా ఆపేస్తే వాక్యం కుంటుతుంది.

"-దాగో హాజానాయో": మన "అంటారు కదండీ". మాట్లాడేటప్పుడు ఇదే అన్నిటికన్నా సురక్షితం.

"-నున్ క్యొగియేయో": మన "చందంగా ఉంది". "సో ఇల్ఖో వెయాంగ్కాన్ కోఛినున్ క్యొగియేయో" అంటే పశువు పోయాక కొట్టం బాగుచేసిన చందంగా ఉందని. పత్రికా శీర్షికలు చదివే అలవాటున్న తెలుగువారికి ఈ తొడుగు సులువుగా పట్టుబడుతుంది.

ఇంకొక సంగతి, కొరియన్లు సామెతను చాలాసార్లు సగమే అంటారు. "కిమ్చి రసం తాగకు" అంటే చాలు, త్తొక్ ప్రసక్తే రాదు. మనం "సోమలింగం" అని ఊరుకున్నట్టు. కాబట్టి ప్రతి అట్ట మీదా పొట్టి రూపం ఉంటే దాన్నీ రాసుకోండి. వినికిడిలో దొరికేది పొట్టి రూపమే.

10. ఎవరితో అనవచ్చో తేల్చుకోండి

ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషే ఎదురైతే మనం "నూరేళ్లు ఆయుష్షు" అని దీవిస్తాం. కొరియన్లు "హోరాంగిదో చే మాల్ హామ్యొన్ ఓందా" అంటారు, తన మాట ఎత్తితే పులైనా వస్తుందని. లేదా "యాంగ్‌బానున్ మోత్ త్వెగెన్నే", అంటే "నువ్వు దొరబాబువి కాలేవులే" అని ఆటపట్టిస్తారు. మనది దీవెన, వాళ్లది పరాచికం. స్నేహితుల మధ్య సరే, గదిలోకి వచ్చిన పై అధికారితో మాత్రం నోరు మెదపవద్దు.

మెచ్చుకోలుగా అనిపించే వాటిలోనూ ముల్లు ఉంటుంది. "మురికి కాల్వలో డ్రాగన్ పుట్టింది" అంటే పేదింట గొప్పవాడు పుట్టాడని, మన "మట్టిలో మాణిక్యం". అయితే ఆ మనిషి తల్లిదండ్రుల ముందు అంటే వారి ఇంటిని మురికి కాల్వ అన్నట్టే. "ఓజిరాఫి నొల్తా" (పై చొక్కా ముందు అంచు వెడల్పు) అంటే అన్నింట్లో తలదూర్చే మనిషని, ముఖం మీద అనేది కాదు. "పాగాజి (సొరబుర్ర) గీకడం" అని భార్య సణుగుడును అనే జాతీయం కూడా ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే చాలు, వాడనవసరం లేదని నా అభిప్రాయం. "పాగాజిరుల్ స్సుదా" (సొరబుర్ర నెత్తిన పెట్టుకోవడం) మాత్రం నిశ్చింతగా వాడండి, బేరంలో మోసపోయామని చెప్పడానికి. మనం టోపీ పెట్టారంటాం, వాళ్లు సొరబుర్ర అంటారు.

11. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణలు

తప్పు: తెలుగు సామెతను అక్షరాలా కొరియన్‌లోకి మార్చి అనడం. ఒకరిని పొగిడి ఉబ్బించారని చెప్పడానికి "మునగచెట్టు ఎక్కించారు" అంటే వారికి బోధపడదు. సవరణ: వాళ్ల మాట "విమానం ఎక్కించడం" (పిహేంగ్గిరుల్ థేఊదా) వాడండి.

తప్పు: నాలుగక్షరాల మాటలు గుప్పించడం. సవరణ: వాటిని చదవడానికి నేర్చుకోండి, మాట్లాడేటప్పుడు నాలుగైదింటికి పరిమితం కండి. "హామ్‌హుంగ్‌ఛాసా" అందులో ఒకటిగా ఉండవచ్చు. 1392లో కొరియాలో చోసొన్ రాజ్యాన్ని స్థాపించిన రాజు ఇ-సొంగ్గే గద్దె దిగాక హామ్‌హుంగ్‌లో ఉన్నప్పుడు, కొడుకు పంపిన దూతలెవరూ తిరిగి రాలేదన్న కథ నుంచి పుట్టింది. పని మీద పంపితే అటునుంచి అటే పోయిన మనిషి గురించి అంటారు.

తప్పు: నిఘంటువులో సామెత దొరకలేదని వదిలేయడం. సవరణ: ప్రామాణిక నిఘంటువులో సామెతలను సాధారణంగా మొదటి మాట కింద పెడతారు. పశువు సామెత కోసం "సో" పదం తెరిచి చివరిదాకా జరపండి, జాతీయాలూ సామెతలూ విడివిడిగా కనిపిస్తాయి.

తప్పు: పరీక్ష కోసం అర్థాలు మాత్రమే చదవడం. టోపిక్-II పరీక్ష చదువు భాగంలో 70 నిమిషాల్లో 50 ప్రశ్నలు చేయాలి. అందులో ఖాళీలో తగిన జాతీయాన్ని పెట్టమనే ప్రశ్న తరచుగా వస్తుంది. అక్కడ పరీక్షించేది అర్థాన్ని కాదు, ముందున్న వాక్యంతో పొత్తును. సవరణ: అట్టలోని నాలుగో గడిని చూసి మాట చెప్పే సాధన చేయండి, మాటను చూసి అర్థం చెప్పే సాధన కాదు.

12. నోరు తెరిచే ముందు చూసుకోవలసినవి

□ ఈ మాట కనీసం రెండుసార్లు కొరియన్ల నోట విన్నాను, లేదా వారి రాతలో చూశాను.
□ వినే మనిషి నాకన్నా పెద్దా, సమానమా అన్నది తెలుసు.
□ ఇది ఓదార్పా, వెక్కిరింపా, విసుగా అన్నది ఒక్క మాటలో చెప్పగలను.
□ చివర తొడుగు సిద్ధంగా ఉంది.
□ ఇదే సంభాషణలో ఇప్పటికే ఒక సామెత వాడేయలేదు.

అన్నీ సరిచూసుకుని అన్నా ఎదుటివారి ముఖంలో తేడా కనిపిస్తే, అక్కడికక్కడే "చేగా చాల్మోత్ స్సొన్నాయో?" (నేను తప్పుగా వాడానా?) అని అడగండి. సాధారణంగా వారు సరిదిద్దడమే కాక, తాము ఆ మాటను ఎప్పుడు వాడతారో ఒక ఉదాహరణ కూడా చెబుతారు. ఆ ఉదాహరణను అదే రోజు అట్ట మీద నాలుగో గడిలో, మీరు అంతకుముందు రాసినది కొట్టేసి రాయండి.